బగ్ ట్రాకర్‌ను ముందు ఆ ఇద్దరు టెస్టర్ల చేతికివ్వండి

హైదరాబాద్‌లో తెలుగు కీబోర్డు ప్రాజెక్టు నడుపుతున్నామని, టెస్టర్లలో ఇద్దరికి చూపు లేదని, బగ్‌లు (సాఫ్ట్‌వేర్‌లోని తప్పులు) నమోదు చేసుకునే ట్రాకర్‌గా గిట్‌హబ్, గిట్‌ల్యాబ్, రెడ్‌మైన్, బగ్‌జిల్లాల్లో ఏది పెట్టుకోవాలని అడిగారు. నాకూ చూపు లేదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తాను. కూకట్‌పల్లిలో స్నేహితులం కలిసి ఒక చిన్న ప్రాజెక్టు నడిపినప్పుడు ఈ ఇబ్బంది పడ్డాను కాబట్టి రాస్తున్నాను.

మేం మొదట పెట్టుకున్న ట్రాకర్ చూడ్డానికి చాలా బాగుందని అందరూ అనేవారు. నేను అకౌంట్ తెరిచే దగ్గరే ఆగిపోయాను. బొమ్మలోని అక్షరాలు టైప్ చేయమనే క్యాప్చా, వినడానికి ఆడియో కూడా లేదు. తమ్ముడి సాయంతో లోపలికి వెళ్తే, బగ్ స్టేటస్ మార్చాలంటే దాని కార్డును మౌస్‌తో లాగాలి. ఐకాన్లకు పేర్లు లేక ఎన్‌వీడీఏ "బటన్, బటన్, బటన్" అని చదివేది. రెండు నెలలు నా బగ్‌లన్నీ వాట్సాప్‌లో పంపితే ఒక స్నేహితుడు ఎక్కించాడు. దాంతో డెవలపర్ల ప్రశ్నలన్నీ అతనికే వెళ్లేవి. నేను పట్టుకున్న బగ్ గురించి చర్చ జరుగుతుంటే నాకే తెలిసేది కాదు. అది నాకు చాలా కష్టంగా అనిపించింది.

అందుకే ఏదీ ఖాయం చేయకముందే ఆ ఇద్దరినీ కూర్చోబెట్టండి. ఎవరి సాయం లేకుండా, కీబోర్డుతోనే అకౌంట్ తెరిచి, పాత బగ్ వెతికి, కొత్తది రాసి, లాగ్ ఫైల్ (ప్రోగ్రాం తన పనిని నమోదు చేసుకునే ఫైల్) జత చేసి, మర్నాడు వచ్చిన జవాబుకు తిరిగి జవాబివ్వాలి. చాలామంది బగ్ రాసే ఫారం వరకే చూసి ఆగిపోతారు. అసలు కష్టం కామెంట్లలో ఉంటుంది. ప్రతి కామెంటుకూ హెడింగ్ ఉంటే స్క్రీన్ రీడర్‌లో హెచ్ కీ నొక్కుతూ నలభై కామెంట్లు దాటేస్తాం. లేకపోతే ప్రతిసారీ పైనుంచి వింటూ రావాలి.

మీకైతే నేను గిట్‌హబ్ చెప్తాను. ఎన్‌వీడీఏ ప్రాజెక్టు సొంత బగ్‌లు కూడా అక్కడే నమోదవుతాయి కాబట్టి మీ టెస్టర్లకు అది ముందే అలవాటై ఉండవచ్చు. ఒక్క అక్షరంతో పనిచేసే షార్ట్‌కట్లు అడ్డొస్తే యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ఆపేయవచ్చు. సొంత సర్వర్ కావాలంటే రెడ్‌మైన్ చూడండి. బగ్‌జిల్లా పేజీలు కూడా సాదా ఫారాలే, కానీ అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ఫీల్డులు మరీ ఎక్కువ. కొత్తవాళ్లు అందులో తప్పిపోతారు, కాబట్టి తరచూ వాడే సెర్చ్‌లు మీరే సేవ్ చేసి ఇవ్వండి.

ఏది పెట్టుకున్నా ఈమెయిల్ దారి తెరిచి ఉంచండి. డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టులో బగ్ రాయడం నుంచి మూసేయడం దాకా మెయిల్‌తోనే అయిపోతుంది. రెడ్‌మైన్‌లోనూ మెయిల్‌తో బగ్ రాసే ఏర్పాటు ఉంది, దాన్ని సర్వర్‌లో మీరు అమర్చుకోవాలి. థీమ్ మార్చినా, కొత్త ప్లగిన్ వేసినా ఆ ఇద్దరితో మళ్లీ ఒకసారి చూపించుకోండి.

వాళ్లు వాడేది ఎన్‌వీడీఏనా, లినక్స్‌లో ఉండే ఓర్కా స్క్రీన్ రీడరా చెప్పండి. ఏ ఆదివారమైనా కలుద్దామంటే నేనూ వచ్చి వాళ్లతో కూర్చుంటాను.