ఆ సినిమా ఊళ్లో వేసే ముందు

చిన్నాకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ‘ఏప్రిల్’ సినిమా రెండుసార్లు చూశాను. మొదటిసారి మధ్యలో ఆపి కాఫీ పెట్టుకోవడానికి లేచాను. భయపడి కాదులే. ప్రసూతి గదిలో ఆ డాక్టరమ్మ నీనాను చూస్తుంటే రాత్రి డ్యూటీల నాటి నడుము నొప్పి తిరగబెట్టినట్టయింది.

మీ ఫిలిం సొసైటీలో ఇది వేయవచ్చా, ఏ ముక్కలు కత్తిరించాలి, అయిపోయాక మాట్లాడటానికి ఎవరిని పిలవాలి అని అడిగావు. వేయండి. ఏదీ కత్తిరించవద్దు. ఎవరినీ పిలవవద్దు. ఇంత పొట్టిగా చెబితే నువ్వు ఊరుకోవు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందుగా ప్రసవం దృశ్యం. నిజమైన ప్రసవాన్నే చిత్రీకరించారు కాబట్టి జనం తట్టుకోలేరని నీ బెంగ. మన సినిమాల్లో కాన్పు అంటే మూడు కేకలు, వేడినీళ్ల గిన్నె, మూసిన తలుపు, ఆ వెనక కేరుమన్న శబ్దం. ఈ సినిమా దర్శకురాలు దేయా కులుంబెగష్విలి అలా తలుపు వేయలేదు. జార్జియాలో తాను పెరిగిన లగోదెఖి ప్రాంతపు కథ ఇది. ప్రసూతి ఆసుపత్రిలో చాలాకాలం గడిపి మరీ తీసింది. కెమెరాను పైన నిలిపి కదపలేదు. జనం కుర్చీల్లో ఇబ్బందిగా కదులుతారు, కదలనీ. కాన్పు చేసేవాళ్ల పనిలో సగం కనిపెట్టుకుని కూర్చోవడమే. ఆ దృశ్యంలో ఒక్క నిమిషం తగ్గించినా బిడ్డ దక్కలేదన్న సంగతి ఉత్త సమాచారంగా మిగులుతుంది.

వంటింటి బల్ల దృశ్యం గురించి ‘దర్శకురాలు చూపించడానికి జంకినట్టుంది’ అని రాశావు. అక్కడ నువ్వు పొరపాటు పడ్డావు. మాట రాని, వినబడని ఆ పిల్లను బల్ల మీద పడుకోబెట్టి నీనా గర్భం తీస్తుంటే మనకు కనిపించేది పిల్ల ఒంట్లో కొంత భాగం, పట్టుకున్న చేయి, అంతే. 1981లో నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరిన కొత్తలో ఒకామెను నులక మంచం మీద మోసుకొచ్చారు. నాలుగో కాన్పు వద్దనుకుని ఎవరితోనో జిల్లేడు పుల్ల పెట్టించుకుంది. ఒళ్లు కాలిపోతోంది, గది నిండా వాసన. ఆమె మొహం ఇప్పుడు నాకు గుర్తు లేదు. పక్కన నిలబడి మణికట్టు వదలని అత్తగారి చేయి గుర్తుంది, పగిలిన ఆకుపచ్చ గాజుతో సహా. తెల్లవారుజామున ఆ చేతిని విడిపించాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నాను, ఆ కెమెరా జంకలేదు. ఆ గదిలో ఉన్నవాళ్లకు చివరికి ఏది గుర్తుంటుందో దాన్నే పట్టుకుంది.

ఇక మీవాళ్లు తప్పక అడిగే ప్రశ్న. అంతకంటే ముందు, ఇది కాకసస్ కొండల దగ్గరి జార్జియా దేశమని ఒక మాట చెప్పు. మనవాళ్లలో సగం మందికి జార్జియా అంటే అట్లాంటాలో ఉన్న మేనల్లుడే. ఆ దేశంలో పన్నెండు వారాల వరకు గర్భం తీయించుకోవడం చట్టబద్ధమే. మరి నీనా దొంగలా ఊళ్లు తిరగడమెందుకు అని అడుగుతారు. ‘వెనకబడిన దేశం’ అని నువ్వు తేల్చేయకు. సోవియట్ ప్రభుత్వం 1920లోనే అనుమతించింది, 1936లో స్టాలిన్ నిషేధించాడు, 1955లో మళ్లీ తెరిచారు. అంటే ఆ ఊళ్లలోని ముసలమ్మలకు ఇది కొత్త విషయం కాదు. చట్టం పుస్తకంలో ఉంది. ఆసుపత్రికి వెళితే మాత్రం ఊరికి తెలుస్తుంది, ఊరికి తెలిస్తే ఇంట్లో మగవాళ్లకు తెలుస్తుంది. నీనా కారు బురదలో కూరుకుపోయేది ఈ రెండింటి మధ్య దారిలోనే.

మన సంగతీ అంతే. 1971లో చట్టం చేశారు, మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. 2021 సవరణ తర్వాత ఇరవై వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఇరవై నాలుగు వరకైతే కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. పెళ్లికాని వాళ్లనూ ఆ వర్గాల నుంచి మినహాయించరాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండిన ఆడమనిషికి తన సంతకం ఒక్కటే కావాలి, భర్తది అక్కర్లేదు. ఇదంతా కాగితం మీద మాట. నేను పనిచేసిన చోట గుమాస్తా మొదటి ప్రశ్న ‘ఇంటాయన రాలేదా?’. గుమాస్తాను అనడమెందుకు, మొదటి రెండేళ్లు నేనూ అడిగాను. చట్టం నేను చదవలేదు, చదవమని ఎవరూ చెప్పలేదు. భర్త సంతకం తెస్తానని వెళ్లి తిరిగిరానివాళ్లు ఏమయ్యారో నాకు తెలియదు. సినిమా అయిపోయాక ఎవరైనా పెద్దమనిషి లేచి ‘మన దగ్గర ఇలాంటివి లేవు’ అంటే, నా పేరు చెప్పి ఈ సంగతి వినిపించు.

తెలుగు సబ్‌టైటిళ్లు నువ్వే రాస్తున్నావని విని సంతోషించాను. నీ ముసాయిదాలో అన్నింటికీ ‘గర్భస్రావం’ అని ఒకటే మాట వాడావు. దానంతట అది పోతే మన ఆడవాళ్లు ‘కడుపు పోయింది’ అంటారు, కావాలని చేయించుకుంటే ‘తీయించుకుంది’ అంటారు. ఈ రెండింటికీ ఎంత దూరమో వాళ్లకు బాగా తెలుసు, నీ సబ్‌టైటిల్‌కు తెలియకపోతే ఎలా? ఇంకొకచోట ‘భ్రూణహత్య’ అని రాశావు, కొట్టేసెయ్. కడుపులో ఉన్నది ఆడో మగో చూడటాన్ని నేరం చేసిన చట్టం వేరు, అది 1994 నాటిది. ప్రతి స్కానింగ్ సెంటరులో వేలాడే ఆ బోర్డు చూసి, గర్భం తీయించుకోవడమే నేరమని నమ్మినవాళ్లు నా దగ్గరికి వందలమంది వచ్చారు. ఆలస్యంగా వచ్చారు. నువ్వు ఆ గందరగోళానికి ఇంకో మాట కలపకు.

పరిచయంలో నీనాను త్యాగమూర్తి అనవద్దు. రాత్రిపూట దారిలో ముక్కూమొహం తెలియని మగవాళ్లను కారెక్కించుకునే మనిషి ఆమె. దగ్గరికి రావాలనుకున్న మనిషినీ రానివ్వదు. నటి ఇయా సుఖితాష్విలి ఆ పాత్రను ఎవరి జాలీ అడగకుండా చేసింది. బిడ్డ దక్కనందుకు పెట్టిన విచారణలో నీనా ఎంత తక్కువ మాట్లాడుతుందో గమనించావా? అలాంటి కుర్చీలో నేను రెండుసార్లు కూర్చున్నాను. తప్పు చేయలేదని తెలిసినా గొంతు అలాగే పొడిబారుతుంది.

మొదట్లో నీళ్లలో నడిచే మొహం లేని ఆకారం ఏమిటని అడుగుతారు. అర్థం చెప్పకు. నాకొక ఊహ ఉంది, అది నా దగ్గరే ఉంచుకుంటాను.

బయట తలుపు దగ్గర, టికెట్ ఇచ్చే చోటే, ఇందులో నిజమైన ప్రసవం, గర్భం తీసే దృశ్యం ఉన్నాయని పెద్ద అక్షరాలతో రాసిపెట్టు. లోపల చెబితే లాభం లేదు, అప్పటికే పక్కన తోటికోడలు కూర్చుని ఉంటుంది, లేచి వెళ్లలేరు. తలుపు వైపు రెండు వరుసలు ఆడవాళ్లకు వదిలెయ్. అయిపోగానే దీపాలు వెలిగించకు, ఎవరి చేతికీ మైకు ఇవ్వకు. చర్చ కావాలంటే వారం తర్వాత పెట్టుకోండి. వరండాలో టీ మాత్రం ఉంచు. చెప్పాలనుకున్న ఆడమనిషి గ్లాసు పట్టుకుని ఎవరి పక్కన నిలబడాలో తానే చూసుకుంటుంది. నేనూ అక్కడే ఉంటాను, డాక్టరునని ప్రకటించకు.

ప్రదర్శన హక్కులకు ఉత్తరం రాశావా? నాకు పంపినట్టు లింకు తెరిచి గోడ మీద వేస్తే కుదరదు.

జూలైలో అనుకుంటున్నావు, వద్దు. మీ హాలుది రేకుల కప్పు. ఈ సినిమాలో మాటలు తక్కువ, ఊపిరి చప్పుడు ఎక్కువ. వాన పడితే రేకుల మోత తప్ప ఏమీ వినబడదు. సంక్రాంతి వెళ్లాక పెట్టు, అప్పటికి నా మోకాలు కూడా మెట్లెక్కే స్థితికి వస్తుంది.

మీ అమ్మను అడిగానని చెప్పు.

పెద్దమ్మ