సైట్ ఆపరేటర్‌తో వెతికితే పేజీలు తక్కువ చూపిస్తోంది, గూగుల్ తీసేసిందా?

మీ షాపు సైట్‌లో 300 పేజీలు ఉంటే సైట్ ఆపరేటర్‌లో (ఒక్క సైట్ పేజీలనే గూగుల్‌లో వెతికే పద్ధతి) 180 మాత్రమే వస్తున్నాయి, మిగతావి గూగుల్ తీసేసిందా అని అడిగారు. టెన్షన్ పడకండి, ఆ అంకె వట్టి అంచనా. ఇండెక్స్‌లో, అంటే గూగుల్ నమోదు చేసుకున్న పేజీల జాబితాలో, ఉన్నవన్నీ అందులో కనిపించకపోవచ్చని గూగులే తన డాక్యుమెంటేషన్‌లో రాసింది. నిజమైన లెక్క కావాలంటే సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పేజీల రిపోర్టు తెరవండి, ఏ పేజీ ఎందుకు ఎక్కలేదో కారణంతో సహా ఉంటుంది.

నేను హన్మకొండలో చిన్న వ్యాపారాల సైట్లు చూసిపెడుతుంటాను. నా అనుభవంలో ఈ ఆపరేటర్ బాగా పనికొచ్చేది, గూగుల్‌లో ఉండకూడనివి ఏమున్నాయో పట్టుకోవడానికి. కొత్తవాడ దర్రీలు అమ్మే ఒకాయన సైట్‌కి ఇలాగే చూశాను. సైట్ అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, స్పేస్ వదలకుండా డొమైన్ పేరు ఇచ్చి, దాని పక్కన ఫైల్‌టైప్, కోలన్, పీడీఎఫ్ అని చేర్చేసరికి కస్టమర్ల ఫోన్ నంబర్లు, అడ్రసులతో ఉన్న పాత బిల్లులు వరసగా వచ్చాయి. నమ్మి కొన్నవాళ్ల వివరాలు అలా రోడ్డున పడటం చూస్తే నాకు చాలా బాధేసింది. తర్వాత ఫైల్‌టైప్ ముక్క తీసేసి, మైనస్ గుర్తు, ఇన్‌యూఆర్ఎల్, కోలన్, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ అని చేర్చి, అడ్రసులో ఆ అక్షరాలున్న అసలు సైట్ పేజీలను పక్కన పెడితే, ఎప్పుడో కట్టి వదిలేసిన టెస్ట్ సబ్‌డొమైన్ (అదే డొమైన్ కింద వేరే పేరుతో ఉండే సైట్) కూడా దొరికింది, అవే ఫొటోలు, పాత రేట్లు.

ఇలాంటివి దొరికితే చాలామంది వెంటనే రోబోట్స్ ఫైల్‌లో (ఏ పేజీలు చదవొద్దో సెర్చ్ ఇంజిన్లకు చెప్పే ఫైల్) బ్లాక్ చేస్తారు, అది చేయొద్దు. అది గూగుల్‌ని పేజీ చదవకుండా ఆపుతుంది తప్ప ఇండెక్స్ నుంచి తీయదు, పైగా ఈ పేజీని ఇండెక్స్‌లో పెట్టొద్దని చెప్పడానికి మీరు పెట్టిన నోఇండెక్స్ ట్యాగ్ కూడా దానికి కనబడకుండా పోతుంది. బిల్లుల ఫైళ్లు సర్వర్ నుంచే తీసేయించి, ఆ తర్వాత కన్సోల్‌లో రిమూవల్ రిక్వెస్ట్ పెట్టాం. ఆ రిక్వెస్ట్ ఒక్కటే పెడితే సుమారు 6 నెలలే దాస్తుంది. టెస్ట్ సైట్‌కి పాస్‌వర్డ్ వేయించాం.

ఒక్క పేజీ సంగతే తేల్చుకోవాలంటే దాని పూర్తి లింకు కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో వేయండి. ఇదివరకు క్యాష్ ఆపరేటర్‌తో గూగుల్ దాచుకున్న కాపీ చూసేవాళ్లం, 2024లో దాన్ని తీసేశారు. పేజీల రిపోర్టులో క్రాల్ అయింది (గూగుల్ చదివింది) కానీ ఇండెక్స్ కాలేదు అన్న వరుసలో మీ పేజీలు ఎక్కువగా ఉంటే, అన్ని ఐటమ్స్‌కీ ఒకే వివరణ కాపీ చేసి పెట్టారేమో ముందు చూడండి.