పెద్దయ్యాక పాలు కొందరికే ఎందుకు అరుగుతాయి?

పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను విడగొట్టే లాక్టేజ్ ఎంజైమ్ చాలామందిలో చిన్నతనం దాటాక తగ్గిపోతుంది. ఒక జన్యు మార్పు వారసత్వంగా అందినవారిలో మాత్రం పెద్దయ్యాక కూడా తయారవుతూనే ఉంటుంది.

ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు దాదాపు అందరిలోనూ బాగానే ఉంటుంది. తేడా దాని స్విచ్‌లో. రెండో క్రోమోజోమ్ మీద, పొరుగునే ఉన్న ఎంసీఎం6 జన్యువు లోపల ఈ స్విచ్ ఉంది. అక్కడ డీఎన్‌ఏలో ఒక్క అక్షరం, 'సి' పోయి 'టి' వస్తే చాలు, స్విచ్ ఆగిపోదు. యూరప్‌లోనూ మన దేశంలోనూ ప్రధానంగా కనిపించేది ఈ మార్పే. తూర్పు ఆఫ్రికా పశుపోషకుల్లో మాత్రం అదే స్విచ్‌లో వేరే అక్షరాలు మారాయని 2007లో తేలింది. అంటే పాలు అరిగించుకునే గుణం ఒక్కచోట పుట్టి అంతటా పాకింది కాదు.

తరతరాలుగా పాలు తాగితే శరీరం అలవాటుపడి జన్యువే మారుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. మార్పు యాదృచ్ఛికంగా వస్తుంది. పాడి ఉన్నచోట అది ఉన్నవాళ్ల సంతానం ఎక్కువగా నిలిచి, వేల ఏళ్లలో వ్యాపిస్తుంది. మంగోలియానే చూడండి: వేల ఏళ్ల పాడి చరిత్ర ఉన్నా అక్కడ ఈ మార్పు ఉన్నవాళ్లు తక్కువే. వాళ్లు గుర్రప్పాలను పులియబెట్టి తాగుతారు, అప్పుడు లాక్టోజ్‌లో కొంత బ్యాక్టీరియానే తినేస్తుంది. గ్లాసుడు పాలకే కడుపుబ్బరం వచ్చేవాళ్లు పెరుగన్నం హాయిగా తినగలిగేదీ ఇందుకే.

ఎంజైమ్ ఇలా తగ్గడం జబ్బు కాదు, పాల అలర్జీ అంతకన్నా కాదు. అలర్జీ పాలలోని ప్రొటీన్‌కు వస్తుంది. ప్రపంచంలోని పెద్దవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మందికి ఈ ఎంజైమ్ తగ్గే ఉంటుంది.