పిల్ల ఎలుకకు బెదురు తీరడానికి అంత ఆలస్యమెందుకు?

ప్రశ్న: మాది దేవరకొండ. నేను డిగ్రీ రెండో సంవత్సరం, జువాలజీ. ఆడ ఎలుకల్లో ఒత్తిడి హార్మోను మగ ఎలుకల్లో కన్నా ఎక్కువగా పుడుతుందనీ, ఆ తేడా ఈడు రాకముందు అంతగా కనిపించదనీ మా సార్ చెప్పారు. వృషణాలు, అండాశయాలు పని మొదలుపెట్టడం ఒక్కటే దీనికి కారణమా? ఎనిమిదో తరగతి చదివే మా చెల్లె ఈమధ్య పెద్దమనిషి అయ్యింది. అప్పటి నుంచి ప్రతిదానికీ బెదిరిపోతోంది. ఆమె విషయంలోనూ ఇదే కారణమనుకోవచ్చా?
– ఒక విద్యార్థిని

జవాబు: మీ సార్ చెప్పింది నిజమే. అయితే బీజకోశాల (వృషణాల, అండాశయాల) హార్మోన్లు అందులో సగం కారణం మాత్రమే. మిగతా సగం ఆ హార్మోన్లను అందుకునే మెదడులో ఉంది, నా దృష్టిలో ఎక్కువ ఆలోచించవలసినది ఆ సగమే.

ఎలుక బెదిరినప్పుడు మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగం నుంచి సీఆర్‌హెచ్ అనే హార్మోను విడుదలై పీయూష గ్రంథిని కదిలిస్తుంది, ఆ గ్రంథి నుంచి వచ్చే ఏసీటీహెచ్ అనే మరో హార్మోను రక్తంలో ప్రయాణించి, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథుల చేత కార్టికోస్టిరాన్ అనే ఒత్తిడి హార్మోనును స్రవింపజేస్తుంది. మనుషుల్లో ఆ స్థానం ప్రధానంగా కార్టిసాల్‌ది. పెరిగిన కార్టికోస్టిరాన్ తిరిగి మెదడును చేరి, తన ఉత్పత్తికి తానే కళ్లెం వేస్తుంది.

ఎదిగిన మగ ఎలుకకు వృషణాలు తీసేస్తే ఒత్తిడికి ఈ స్పందన పెరుగుతుంది, వృషణాల హార్మోనైన టెస్టోస్టెరాన్ ఇస్తే మళ్లీ తగ్గుతుంది. ఆడ ఎలుకలో అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రడయోల్ ఎక్కువగా దీనికి ఎదురుదిశలో, అంటే స్పందనను పెంచే వైపు, పనిచేస్తుంది. నాలుగైదు రోజుల ఋతుచక్రంలో ఈస్ట్రడయోల్ పైకెక్కే ప్రోఈస్ట్రస్ దశలో ఒత్తిడి స్పందన బలంగా ఉండడాన్ని పరిశోధకులు గమనించారు. కానీ ‘ఈస్ట్రోజెన్ (ఈస్ట్రడయోల్ వంటిది) పెంచుతుంది, ఆండ్రోజెన్ (టెస్టోస్టెరాన్ వంటిది) తగ్గిస్తుంది’ అని సూత్రంలా బట్టీపట్టకండి. టెస్టోస్టెరాన్ శరీరంలో మార్పులు చెందగా ఏర్పడే ఒక పదార్థం, కణాల్లో ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకాల్లో బీటా రకానికి అతుక్కుని, ఇదే స్పందనను తగ్గించగలదు. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. కార్టికోస్టిరాన్‌ను పట్టి ఉంచే ప్రోటీను ఆడ ఎలుకల రక్తంలో ఎక్కువ కాబట్టి, మొత్తం హార్మోను ఎంత ఎక్కువగా కనిపించినా, కణాలకు అందేది అదే నిష్పత్తిలో ఎక్కువని చెప్పలేము.

ఇక ఈడు సంగతి. సుమారు 28 రోజుల పిల్ల ఎలుకనూ, ఎదిగిన ఎలుకనూ వేర్వేరుగా, ఒళ్లు తిప్పుకోవడానికి వీలులేని ఇరుకు గొట్టంలో 30 నిమిషాలు ఉంచి, తోక నుంచి కొద్దికొద్దిగా రక్తం తీసి చూస్తారు. రెండింటిలోనూ కార్టికోస్టిరాన్ పైకెక్కుతుంది. గొట్టంలోంచి తీసి మామూలు పంజరంలో వదిలాక, ఎదిగిన ఎలుకలో అది త్వరగా దిగివస్తుంది, పిల్ల ఎలుకలో మాత్రం ఇంకా చాలాసేపు పైనే ఉంటుంది. దానికి టెస్టోస్టెరాన్ లేకపోవడమే లోపమైతే, బయటి నుంచి ఇస్తే సరిపోవాలి. పిల్ల మగ ఎలుకలకు ఎదిగిన ఎలుకల స్థాయిలో టెస్టోస్టెరాన్ ఇచ్చి చూశారు. అయినా వాటి స్పందన పెద్దవాటిలా మారలేదు. అదే హార్మోను, అదే జాతి, అయినా ఫలితం వేరు. హార్మోను రావడమే కాదు, దానికి బదులు పలికే నాడీవలయాలు కూడా ఈడుతో పాటే మారాలన్నమాట.

మీ చెల్లె విషయానికి వస్తే, ఎలుక నుంచి ఆమెకు నేరుగా గీత గీయకండి. ఎలుకలో కొద్ది వారాల్లో ముగిసే ఈ మార్పు ఆడపిల్లలో కొన్ని సంవత్సరాలు సాగుతుంది, ఆ కాలంలోనే బడి, ఇల్లు, స్నేహాలు అన్నీ ఆమె చుట్టూ మారుతుంటాయి. పైగా హార్మోను పెరగడమూ భయపడడమూ ఒకటి కావు. మీ ఊళ్లో ధాన్యం బస్తాల చాటున ఎలుకలు చీకటి పడ్డాకే అలికిడి చేయడం మీరు వినే ఉంటారు. అవి బయటికి వచ్చే వేళకు, ఏ బెదురూ లేకున్నా, వాటి కార్టికోస్టిరాన్ పెరిగే ఉంటుంది. మనలో కార్టిసాల్ తెల్లవారుజామున అలాగే పెరుగుతుంది.

కాబట్టి ఆమె బెదురుకు హార్మోను పేరు పెట్టి ఊరుకోకుండా, తీరికగా పక్కన కూర్చుని దేనికి భయపడుతోందో అడగండి. బడిలో గానీ, దారిలో గానీ ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారేమో ముందుగా తెలుసుకోవాలి. నిద్ర, తిండి, చదువు రెండు వారాలకు మించి దెబ్బతింటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలీమానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా దొరుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.