పాత స్ప్లెండర్‌లో ఏ ఆయిల్ పోయాలి? అల్లుడికి మామ రాసేది

అల్లుడూ,

బావ బండి ఇప్పుడు నువ్వే నడుపుతున్నావని అక్క చెప్పింది. సంతోషం. ఏ ఆయిల్ పోయాలని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఫోన్లో చెబితే ఒక నంబరే గుర్తుంటుంది, మిగతాదంతా గాలికి పోతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఈ సంగతి పట్టుకో. కార్లో ఇంజన్ ఆయిల్ ఇంజన్ వరకే. మన బండిలో అదే ఆయిల్ ఇంజన్‌లోనూ, గేర్లలోనూ, క్లచ్ ప్లేట్ల మధ్యా తిరుగుతుంది. ఇంజన్‌కు జారుడు కావాలి, క్లచ్‌కు పట్టు కావాలి. రెండూ ఆ ఒక్క ఆయిలే ఇవ్వాలి. కాబట్టి కంపెనీ పేరు తర్వాత చూడు. ముందు డబ్బా తిప్పి, వెనక చిన్న అక్షరాల్లో ‘జాసో ఎంఏ’ అని గానీ ‘ఎంఏ2’ అని గానీ ఉందో లేదో చూడు. తడి క్లచ్, అంటే ఆయిల్‌లో మునిగి తిరిగే క్లచ్ ఉన్న బళ్ళ కోసం జపాన్ వాళ్ళు 1998లో తెచ్చిన ప్రమాణం అది. ‘ఎంబీ’ అని ఉంటే మాత్రం తీసుకోవద్దు. అది యాక్టివా లాంటి స్కూటర్లది, వాటి క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండదు. కారు ఆయిల్ కూడా వద్దు. కొన్ని కారు డబ్బాల మీద గుండ్రటి ముద్రలో ‘రిసోర్స్ కన్సర్వింగ్’ అని రాసి ఉంటుంది. మైలేజీ కోసం రాపిడి తగ్గించే మందులు కలిపారని దానర్థం. అది మన క్లచ్‌లో పడితే ప్లేట్లు జారతాయి, యాక్సిలరేటర్ ఇస్తే మోత పెరిగినంతగా వేగం పెరగదు. చండూరులో తిరిగినంత కాలం నీకు తెలియకపోవచ్చు. ఇద్దరు ఎక్కి శ్రీశైలం పోతే, డ్యాం దాటి పైకి ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

ఇంకోటి, మీ ఊళ్ళో ట్రాక్టర్ కోసం తెచ్చిన డబ్బాలో మిగిలింది బళ్ళలో పోస్తుంటారు. 15డబ్ల్యూ-40 అని ఉంటుంది, చిక్కగా ఉంటుంది, ఉత్తగా వస్తుంది. నువ్వు పోయకు. డీజిల్ ఇంజన్ మసిని పట్టుకునేలా చేసిన ఆయిల్ అది. మన క్లచ్‌తో దానికి పరీక్ష జరిగిందన్న గుర్తు మామూలుగా ఆ డబ్బా మీద ఉండదు. ఒక లీటరు మిగిలిందని క్లచ్ ప్లేట్లు పోగొట్టుకోవడం ఎందుకు?

ఇక నంబర్లు. 20డబ్ల్యూ-40లో డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తొందరగా కదులుతుందో చెబుతుంది. 20డబ్ల్యూకు సున్నా కంటే 15 డిగ్రీలు కింద, 10డబ్ల్యూకు 25 డిగ్రీలు కింద పరీక్ష పెడతారు. నల్లగొండ జిల్లాలో ఆ చలి ఎక్కడిది? అయినా పొద్దున్నే కిక్ కొట్టగానే పైన వాల్వులు తెరిచే కామ్ దాకా ఆయిల్ చేరాలంటే పల్చనిదే ముందు చేరుతుంది. రెండో అంకె 100 డిగ్రీల వేడిలో మిగిలే చిక్కదనం. మన ఎండలకు, ఆ బండి మోసే బరువుకు అసలు చూడాల్సింది ఇదే.

ఇప్పటి హీరో బళ్ళకు కంపెనీ చెప్పేది 10డబ్ల్యూ-30. పాత బళ్ళకు 20డబ్ల్యూ-40 పోయడం మన దగ్గర మెకానిక్‌ల అలవాటు. దీని మీద నా మాట ఇది: బండి పొగ కక్కకుండా, ఆయిల్ తాగకుండా ఉంటే బుక్కులో ఏముందో అదే పొయ్యి. ఏప్రిల్, మే ఎండల్లో పాల క్యాన్లు కట్టుకుని నల్లగొండ దాకా రోజూ వస్తున్నావంటే, లేదా సర్వీసు సర్వీసుకూ ఆయిల్ కొంచెం తగ్గుతోందంటే 20డబ్ల్యూ-40 మంచిది. 20డబ్ల్యూ-50 మాత్రం ఈ చిన్న ఇంజన్‌కు అక్కర్లేదు. ఎవరైనా ‘పాత బండి కదా, చిక్కటిది పొయ్యి, పొగ ఆగుతుంది’ అంటే వినకు. స్టార్ట్ చేసినప్పుడు కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్ళు గట్టిపడ్డాయని అనుకోవాలి. నడుస్తున్నంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయి. చిక్కటి ఆయిల్ ఆ రోగాన్ని కొన్నాళ్ళు కప్పుతుందే తప్ప నయం చేయదు.

సింథటిక్ గురించి అడిగావు. మంచి ఆయిలే, వేడికి బాగా తట్టుకుంటుంది. కానీ బావ బండికి మామూలు మినరల్ ఆయిల్ చాలు. ఆ మిగిలిన డబ్బుతో ఇంకోసారి ఆయిల్ మార్చు, ఇంజన్‌కు అదే మేలు. కంపెనీ చెప్పే దూరం ఎక్కువే ఉంటుంది గానీ చేన్ల బాటల్లో దుమ్ము తినే పాత బండికి 2,500 నుంచి 3,000 కిలోమీటర్లకు మార్చడం నా పద్ధతి. డబ్బా మీద ఆయిల్ నాణ్యతను చెప్పే ఎస్‌జే, ఎస్‌ఎల్, ఎస్‌ఎన్ అనే అక్షరాల దగ్గర టెన్షన్ పడకు. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్త ప్రమాణం, జాసో ఎంఏ ఉంటే ఏదైనా పోయొచ్చు.

కొత్తది పోసే ముందు పాతదాన్ని చదవడం నేర్చుకో. రెండు మూడు కిలోమీటర్లు తిప్పి, ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు కింద 17 పానాతో డ్రెయిన్ బోల్ట్ విప్పు. తెల్లటి గిన్నెలో పట్టు. నల్లగా ఉందంటే భయం లేదు, మసిని పట్టుకుందని అర్థం. రెండు వేళ్ళ మధ్య రుద్ది చూడు. ఎండకు పెడితే సన్నగా వెండి పొడిలా తళుక్కుమంటే కొంచెం అరుగుదల ఉన్నట్టు, చేతికి రవ్వలు తగిలితే మాత్రం ఇంజన్ విప్పాల్సిందే. పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు చేరాయి. ఆయిల్ గేజ్ (లెవెల్ చూసే పుల్ల) కింద ఉండే రబ్బర్ రింగు ఎండిపోయిందేమో చూసి మార్చు, వాటర్ సర్వీసింగ్‌లో నీళ్ళు అక్కడి నుంచే లోపలికి పోతాయి. పెట్రోల్ వాసన వస్తే, పోయకుండానే లెవెల్ పెరిగితే, కార్బొరేటర్‌లో నీడిల్ పెట్రోల్‌ను ఆపడం లేదన్నమాట. రాత్రి పెట్రోల్ కాక్ కట్టేయడం అలవాటు చేసుకో, నీడిల్ మార్పించు. పెట్రోల్ కలిసి పల్చబడ్డ ఆయిల్‌తో తిప్పితే ఎంత ఖరీదైనది పోసినా దండగే.

బోల్ట్ బిగించేటప్పుడు వాషర్ కొత్తది వెయ్యి. మన బలమంతా చూపించకు, కేసు అల్యూమినియం, మర పోతే పెద్ద ఖర్చు. ముందు ముప్పావు లీటరు పోసి, రెండు నిమిషాలు ఇంజన్ ఆడించి ఆపి, కాసేపు ఆగు. బండిని చదునైన చోట సెంటర్ స్టాండ్ వేసి గేజ్ చూడు. గేజ్‌ను మర తిప్పి బిగించకు, ఊరికే ఆనించి తీయాలి. రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉంటే చాలు. ఈ బండిలో పేపర్ ఫిల్టర్ లేదు, చెత్తను ఆపే జాలీ, గిర్రున తిరిగి మురికిని పక్కకు తీసే రోటర్ ఉంటాయి. వాటిని క్లచ్ కవర్ విప్పినప్పుడు కడిగించు.

డబ్బా కొనేటప్పుడు మూత సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూసుకో. ఖాళీ అయ్యాక డబ్బాకు మేకుతో చిల్లు పెట్టి పడెయ్. అలా చేయకపోతే దాంట్లోనే నకిలీది నింపి ఇంకొకరికి అమ్ముతారు.

మీ దోస్తు ఆర్‌ఎక్స్ 100కు ఇదేదీ వర్తించదని చెప్పు. అది టూ స్ట్రోక్ బండి, దానికి పెట్రోల్‌తో పాటు కాలిపోయే టూటీ ఆయిల్ వేరు, గేర్ బాక్స్‌ది వేరు. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కైతే ఇంజన్, క్లచ్ కేసు, గేర్ బాక్స్ మూడూ వేరువేరు.

తీసిన ఆయిల్‌ను బాయి గడ్డన పారబోయకు. క్యాన్‌లో పోసి ఉంచు, నల్లగొండ వచ్చేటప్పుడు పట్టుకురా, పాత ఆయిల్ కొనేవాడికి ఇచ్చేద్దాం. గేజ్ రింగు, వాషర్ నా దగ్గరే ఉన్నాయి, కొనొద్దు.

మీ మామ