నీ ఉత్తరం నిండా మీ నాన్నగారే ఉన్నారు

"మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మావారిది కొబ్బరి వ్యాపారం. నేను బీఈడీ చదివాను. బాబుకి ఎనిమిదేళ్లు నిండాయి. యూకేజీలో ఉండగా కాన్వెంటులో రాతపని ఎక్కువై, చేతిమీద దెబ్బలు కూడా పడి, రాత్రిళ్లు పక్క తడపడం మొదలుపెట్టాడు. భయమేసి మాన్పించాం. అప్పటినుంచి ఇంట్లో నేనే చెప్పుకుంటున్నాను. లెక్కలు బాగా చేస్తాడు, కబుర్లు బోలెడు చెప్తాడు, చదవడం మాత్రం రాలేదు. అక్షరాలు గుర్తుపడతాడు, గుణింతం దగ్గర ఆగిపోతాడు. మొన్న సంక్రాంతికి పాలకొల్లు వెళ్తే, రిటైర్డ్ హెడ్మాస్టరైన మా నాన్నగారు అందరి ముందూ వాడి చేతికి పేపరిచ్చి హెడ్డింగు చదవమన్నారు. వాడు నోరు విప్పలేదు. మా అన్నయ్య కూతురు, ఆరేళ్లది, గడగడా చదివేసింది. 'హెడ్మాస్టరు మనవడు వేలిముద్ర అన్నమాట' అన్నారు నాన్నగారు. ఆ రోజు నుంచి వాడు పుస్తకం ముట్టుకోవడం లేదు. నాన్నగారేమో ప్రతి ఆదివారం వీడియో కాల్ చేసి పరీక్ష పెడుతున్నారు. నాకు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. ఏదైనా ఫోనిక్స్ కోర్సులో చేర్చమంటారా? స్కూల్లో వేసేయమంటారా? ఏ పుస్తకాలతో మొదలుపెట్టాలో లిస్టు ఇస్తారా?"
ఒక తల్లి, కోనసీమ

అమ్మా, నా కూతురి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తాను.

అడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను. ఫోనిక్స్ కోర్సు వద్దు. అది అక్షరాల శబ్దాలు నేర్పి ఇంగ్లీషు స్పెల్లింగుల చిక్కు విప్పడానికి పెట్టింది, మీవాడు ఆగింది తెలుగు గుణింతం దగ్గర. స్కూల్లో వేయడం తప్పేమీ కాదు గానీ, సంక్రాంతినాడు పోయిన పరువు తెచ్చుకోవడానికి మాత్రం వేయకు. దెబ్బలు పడ్డ చోటు నుంచి పిల్లాణ్ణి తీసుకొచ్చేసి మంచి పని చేశావు. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. 14 ఏళ్లు నిండాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాసుకునే దారి ఎలాగూ ఉంది. ఇక పుస్తకాల లిస్టు ఇవ్వను. బీఈడీ చదివినదానివి, పిల్లల పుస్తకాలు ఏరుకోవడం నీకు చేతకాకపోదు.

నువ్వు రాసిన అసలు ఉత్తరం నాలుగు పేజీలు. పైన వేసింది అందులో కొంతే. మిగతాది మళ్లీ మళ్లీ చదివాను. అందులో 'నాన్నగారు' అన్న మాట పద్దెనిమిది సార్లు ఉంది. లెక్కపెట్టాను. బాబు పేరు మూడుసార్లు. వాడికి ఏమంటే ఇష్టమో, దేనికి నవ్వుతాడో, సంక్రాంతినాడు తిరిగొచ్చేటప్పుడు దారిలో ఏమన్నాడో ఒక్క ముక్క లేదు. నాలుగేళ్లకే నీతో పేపరు చదివించి ఇంటికి వచ్చినవాళ్లందరికీ నాన్నగారు చూపించుకునేవారని రాశావు. గ్రూప్స్ రాయించాలనుకున్నారని, పెళ్లయ్యాక నువ్వు మానేస్తే చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదని రాశావు. బాబుని బడి మాన్పించినప్పుడు 'నీ చదువు గోదాట్లో కలిపావు, వాడిదీ కలుపు' అన్నారని కూడా రాశావు.

ఆ మాట నీ గుండెలో దిగబడి ఉంది తల్లీ. నువ్వు రోజూ పొద్దున పలక ముందేసుకుని కూర్చుంటున్నది వాడికి చదువు చెప్పడానికే అనుకుంటున్నావు. నాకేమో నాన్నగారికి సంజాయిషీ రాసుకుంటున్నట్టు కనిపిస్తోంది. వాడు చదివితే నువ్వు చేసిన పని సరైనదని ఆయన ఒప్పుకుంటారు. అందుకోసం వాడు తొందరగా చదవాలి, ఆయన బతికుండగా చదవాలి, అన్నయ్య కూతురికంటే బాగా చదవాలి. ఎనిమిదేళ్ల పిల్లాడు మోసే బరువేనా ఇది? వాడికి ఇదంతా మాటల్లో తెలియకపోవచ్చు. గుణింతం దగ్గర ఆగినప్పుడల్లా అమ్మ మొహం ఎందుకు అలా అయిపోతుందో మాత్రం వాడు చూస్తూనే ఉంటాడు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. మా తమ్ముడికి తొమ్మిదో ఏడు దాటితే గానీ చదవడం రాలేదు. మా నాన్న రోజూ సాయంత్రం వాణ్ణి లాంతరు ముందు కూర్చోబెట్టుకునేవారు. వత్తు తప్పితే తొడపాశం. పక్కనే కూర్చుని నేను ఆ ముక్కే గడగడా చదివి శభాష్ అనిపించుకునేదాన్ని. నాకు పడ్డ ప్రతి శభాషూ తమ్ముడి వీపు మీద పడుతోందని ఆ వయసులో నాకు తెలియలేదు. చివరికి వాడికి చదువు వచ్చింది, మంచి ఉద్యోగం కూడా చేశాడు. కానీ నాన్న పోయేదాకా ఆయన ఎదుట వాడు ఒక్క పుస్తకం తెరిచింది లేదు. ఊరు నుంచి ఉత్తరాలు రాస్తే అమ్మ పేరనే రాసేవాడు. ఆఖరి రోజుల్లో నాన్న 'వాడేమైనా రాశాడా' అని అమ్మని అడుగుతుంటే నేను విన్నాను. అందుకే నీ ఉత్తరం పక్కన పెట్టలేకపోయాను.

ఇప్పుడు చదువు సంగతి. మనకి వచ్చేసింది కాబట్టి తెలుగు చదవడం ఎంత పనో మరిచిపోయాం. అక్షరాలు 56 అని చెప్పుకుంటాం. ఒక్కో హల్లుకీ గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం తగిలించి, కింద వత్తులు వేసేసరికి పిల్లాడి కంటికి ఎదురయ్యే రూపాలు కొన్ని వందలు. ప-వ, మ-య, ద-ధ-థ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయో వాడి కళ్లతో చూడు. ఐదేళ్లకే పట్టేసేవాళ్లున్నారు, తొమ్మిదో ఏట అందుకునేవాళ్లూ ఉన్నారు. ఫిన్లాండులో ఏడో ఏడు వస్తేగానీ బడి చదువే మొదలుపెట్టరు. మన రాతలో ఒక మేలు ఉంది. చాలావరకు రాసినట్టే పలుకుతాం. గుణింతం ఒకసారి పట్టుబడితే ఆ తర్వాత బండి ఆగదు.

క గుణింతం నుంచి క్ష దాకా వరసగా వల్లె వేయించడం ఆపేయి. ప, డ, వ, ల, ర, ద, గ, మ. ఈ ఎనిమిది అక్షరాలు చాలు. తలకట్టుతోనే పడవ, వల, వరద, గడప, మడమ, దవడ అన్నీ వచ్చేస్తాయి. అన్నీ వాడికి తెలిసిన మాటలే. అవి అలవాటయ్యాక దీర్ఘం ఒక్కటే చేర్చు: పాప, వాడ, మామ. కొన్నాళ్లాగి కొమ్ము: పాలు, పాము, వాగు. వాడు చేయి చాపినప్పుడే ఇది. చాపకపోతే ఆ రోజుకి వదిలేయి. రోజూ రాత్రి మాత్రం పక్కన పడుకోబెట్టుకుని ఒక కథ చదివి వినిపించు. అయ్యాక ప్రశ్నలు అడగకు. నీతి ఏమిటి, ఇది ఏ అక్షరం, ఏమీ వద్దు. దీపం ఆర్పేయి.

మీవారు 'వాడే చదువుతాడులే' అంటారని విసుక్కున్నావు. ఇంట్లో ఒక మనిషైనా తొందరపడకుండా ఉన్నందుకు సంతోషించు.

మీ అత్తగారి గురించి రాసిన వాక్యం మాత్రం నాకు నచ్చలేదు. 'ఆవిడకి సంతకం రాదు, వీడు పొద్దస్తమానం మామ్మ కొంగు పట్టుకునే తిరుగుతాడు, ఇక చదువెలా అబ్బుతుంది' అన్నావు. ఆ మాట నీ నోట్లోంచి వచ్చినా గొంతు మీ నాన్నగారిది. ఆయన కళ్లతో చూస్తున్నావు కాబట్టే ఆవిడ నీకు వేలిముద్రలా కనిపిస్తోంది. ఆవిడ చెప్పే భారతం కథలూ, సామెతలూ, ఊరి వంశాల కబుర్లూ వాడి చెవిన పడుతున్నాయి చూశావా, రేపు పుస్తకంలో మాట కనబడగానే ఇది నాకు తెలుసు అనిపించేది వాటివల్లే. వినని మాటని కూడబలుక్కుని చదవడం ఏ పిల్లాడికైనా కష్టమే, చదివినా అర్థం కాదు. మన ఊళ్లలో పురాణం విన్నవాళ్లలో ఎంతమందికి అక్షరం వచ్చేది? భారతమంతా మాత్రం వాళ్ల నోట్లో ఉండేది.

మూడో పేజీలో నువ్వు మాట వరసకి రాసిన రెండు సంగతులున్నాయి. వరదలప్పుడు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతో టీవీలో చూసి వాడే మామ్మకి చెప్తాడని, 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని వాడికి కంఠతా వచ్చని రాశావు. ఆవిణ్ణి కళ్లు చూపించడానికి తీసుకెళ్లిన రోజు అమలాపురం బస్టాండులో ఏ బస్సు ఎక్కాలో వాడే చెప్పాడని, 'బోర్డు చూసి చెప్పాడో, బస్సు రంగు చూసి చెప్పాడో తెలీదు' అని రాశావు. నాలుగు పేజీల్లో నన్ను కూర్చోబెట్టినవి ఈ రెండే. పక్కన చదువు రాని పెద్దావిడ ఉంది, ఆవిడకి వాడి కళ్లు కావాలి, అక్కడ తప్పు చెప్పినా వేలిముద్ర అనేవాళ్లు లేరు. ఆ చోట వాడు అక్షరం వైపు నడుస్తున్నాడు. బోర్డు చదివాడో లేదో తేల్చుకోవడానికి మళ్లీ బస్టాండుకి తీసుకెళ్లి అడగబోకు. మందు చీటీ మీద పేరు, సీరియల్ టైము, కరెంటు బిల్లు మీద అంకె, ఇలాంటివి ఆవిడ వాణ్ణి అడుగుతూనే ఉంటుంది. నువ్వు మధ్యలో వెళ్లకు.

వాడి తీరున వాడు చదువుతాడని చేతులు కట్టుకు కూర్చోమని కూడా నేను చెప్పడం లేదు. కళ్లు, చెవులు ఒకసారి పరీక్ష చేయించు. నిన్న గుర్తుపట్టిన అక్షరం ఇవాళ పూర్తిగా మరిచిపోతున్నాడా, 'పడవ' అన్న మాటని ప-డ-వ అని నోటితో విడగొట్టలేకపోతున్నాడా, మీ రెండు వైపులా ఎవరికైనా చదువు ఇలాగే కష్టమైందా, గమనించు. అవుననిపిస్తే కాకినాడ గవర్నమెంటు ఆసుపత్రిలో పిల్లల డాక్టర్లని కలిసి డిస్లెక్సియా, అంటే చదవడంలోనే వచ్చే ఇబ్బంది, సంగతి అడుగు. అది తెలివితక్కువతనం కాదు, దానికి నేర్పే పద్ధతి వేరే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి పిల్లలకి హక్కులు కూడా రాశారు. ఆలస్యం చేయకు, భయపడకు. లెక్కలూ మాటలూ బాగున్నాయని రాశావు కాబట్టి ముందు సంక్రాంతి దెబ్బ మాననిద్దాం.

ఆ దెబ్బ మానాలంటే నువ్వు చేయాల్సినవి రెండు. మొదటిది వాడితో. 'ఆ రోజు తాతగారు అలా అనడం తప్పు. నేను అక్కడే ఉండి కూడా ఏమీ మాట్లాడలేదు, నాదీ తప్పే' అని చెప్పు. పెద్దల్ని పిల్లల ముందు తప్పుపట్టకూడదని నీకు అనిపిస్తుంది, నాకు తెలుసు. పదిమందిలో పిల్లాడి పరువు తీసినప్పుడు ఆ మర్యాద పాటించాల్సింది ముందు పెద్దలే. వాడు ఏమీ అనకపోయినా సరే, ఆ మాట వాడి చెవిన పడాలి.

రెండోది నాన్నగారితో. మీవారి చేత చెప్పించకు, అమ్మ చేత చెప్పించకు. నువ్వే ఫోన్ చేయి. 'నాన్నగారూ, ఆదివారాలు మీరు మాట్లాడాలి, వాడికి తాత కావాలి. పరీక్షలు మాత్రం వద్దు. మీరే ఏదైనా కథ చదవండి, వాడు వింటాడు' అని చెప్పు. గొంతు వణుకుతుంది. వణకనీ. ఆయనకి కోపం వస్తుంది, రెండు మూడు ఆదివారాలు ఫోన్ రాకపోవచ్చు. నువ్వే ఉండబట్టలేక మళ్లీ ఫోన్ చేసి 'ఇవాళ వాడు మూడు మాటలు చదివాడు నాన్నగారూ' అని లంచం ఇవ్వబోకు. ఆయనకి ఒంట్లో బాగోలేదంటే చించినాడ వంతెన దాటి అర్ధరాత్రయినా వెళ్లు, అది నీ ధర్మం. ఆయన కోపం చల్లార్చడానికి పిల్లాణ్ణి ముందు నిలబెట్టడం ఏ ధర్మంలోనూ లేదు. నీకు ముప్పై నాలుగేళ్లు. ఇంకా ఆయన ముందు పేపరు పట్టుకుని నిలబడి ఉన్నావు.

మీ నాన్నగారి మీద నాకు గౌరవం లేక ఇదంతా రాయడం లేదు. ఆ తరం మేష్టార్లకి పుస్తకమంటే ప్రాణం. మన కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్యగారు, ఆయనతో నడిచినవాళ్లు 1914లో బెజవాడలో గ్రంథాలయ సభ పెట్టి, పుస్తకం జనం దగ్గరికి వెళ్లాలని ఊరూరా తిరిగారు. అరుగు మీద ఒకరు పేపరు చదివితే పదిమంది చుట్టూ కూర్చుని వినేవారు. విన్నవాళ్లని లేచి చదవమని ఎవరూ అడగలేదు. మీ నాన్నగారికి ఇవన్నీ నాకంటే బాగా తెలిసే ఉంటాయి. రెండు బీరువాల నిండా పుస్తకాలున్నాయని, పిల్లల్ని తాకనివ్వరని రాశావు. ఆ బీరువా తీసి ఒకటి వాడికి చదివి పెట్టమని ఆయన్ని అడిగినవాళ్లు బహుశా ఇంతవరకూ ఎవరూ లేరు. కూతురివి, నువ్వు అడుగు.

ఉగాదికి మళ్లీ పాలకొల్లు వెళ్లాలని రాశావు. ఫోన్ మాత్రం ఈ వారంలోనే చేయి, పండగ దాకా ఆగకు. వెళ్లేటప్పుడు కారు వద్దు, రాజోలు మీదుగా బస్సులో వెళ్లండి. మీ అత్తగారిని కూడా రమ్మను. ఏ బస్సు ఎక్కాలో ఆవిడా వాడూ చూసుకుంటారు, నువ్వు సంచీ పట్టుకుని వెనకాల నిలబడు.