ఆ ప్రశ్నపత్రం సంగతి

చిన్నీ,

ఆటిజం కారణాల మీద పరిశోధనకి నీకు సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మురిసిపోయి రెండుసార్లు చెప్పించుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

గణాంకాలు గట్టిగా నేర్చుకో. ఎథిక్స్ అనుమతి రాకుండా ఒక్క ఫారం కూడా పంచకు. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియంది నేను చేసిన తప్పు. ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు, కడుపుతో ఉన్నప్పటి సంగతులు ఆరా తీసే ప్రశ్నపత్రం పట్టుకుని తల్లుల దగ్గర కూర్చునేదాన్ని. జ్వరం వచ్చిందా, ఏ మాత్ర వేసుకున్నారు, ఎప్పుడైనా బాగా ఏడ్చారా? ఆటిజం ఉన్న పిల్లల తల్లులతో గంటన్నర, మిగతావాళ్లతో ఇరవై నిమిషాలు. మొదటివాళ్లు తేదీలతో సహా చెప్పేవాళ్లు. చెప్పరా మరి? ఎక్కడ పొరపాటు చేశానా అని ఏళ్లుగా తవ్వుకుంటున్నవాళ్లు! మిగతావాళ్లకి ఆ జ్వరాలు గుర్తుపెట్టుకోవాల్సిన పనేముంది? పట్టికలో తేడా చూసి నేను గంతులేశాను. మా పెద్దాయన మాత్రం, "ఇవన్నీ ఆస్పత్రి రికార్డుల్లో ఉన్నాయా?" అనడిగారు. వెళ్లి తిరగేస్తే రెండు గుంపులకీ దాదాపు ఒకటే లెక్క.

పేపరు ఆగిపోయింది, పోనీ. ఒకామె లేచి వెళ్తూ, "అయితే ఆ మాత్ర వేసుకోకుండా ఉండాల్సిందా మేడం?" అంది. నేను ఫారం మీంచి తలెత్తకుండా "ఇంకా తేలలేదండీ" అన్నాను.

నా భయమంతా అదే. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసినప్పుడు, ఇది పుట్టుకతో వచ్చిందనీ అన్నాడు, తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువనీ అన్నాడు. లోకం రెండోదే పట్టుకుంది. బెటెల్‌హైమ్ లాంటి రచయితలు దాన్ని తల్లుల మెడకి చుట్టారు. తప్పు తల్లులది కాదని 1964లో పుస్తకం రాసి ఎదురు తిరిగిన రిమ్లాండ్ అనే సైకాలజిస్టు కొడుక్కీ ఆటిజమే. 1977లో ఫోల్‌స్టీన్, రటర్ అనే పరిశోధకులు 21 జతల కవలల్ని చూశారు. ఒకే అండం నుంచి పుట్టిన, అంటే జన్యువులు ఒకటే అయిన 11 జతల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది, మిగతా పది జతల్లో ఒక్కదాంట్లోనూ అలా లేదు. చిన్న లెక్కే, కానీ చూపు జన్యువుల వైపు తిరిగింది. మళ్లీ 1998లో 12 మంది పిల్లలతో, టీకాకీ ఆటిజానికీ ముడిపెడుతూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పేపరు! దాన్ని అచ్చేసిన వైద్య పత్రిక లాన్సెట్ వెనక్కి తీసుకునేసరికి 2010 వచ్చింది. బిడ్డకి టీకా వేయించిన తల్లులు అన్నాళ్లూ తమనే తిట్టుకున్నారు.

2024లో స్వీడన్‌వాళ్లు 24 లక్షలకు పైగా పిల్లల రికార్డులు తీసి, కడుపుతో ఉన్నప్పుడు పారాసెటమాల్ వేసుకోవడం గురించి చూశారు. మామూలుగా పోలిస్తే కాస్త తేడా కనిపించింది. ఒకే తల్లి పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూస్తే అదీ పోయింది. చదవగానే మాత్ర గురించి అడిగిన ఆమె గుర్తొచ్చింది. ఎక్కడుందో తెలిస్తే వెళ్లి చెప్పేదాన్ని.

నీ తొందర నాకు తెలుసు, చిన్నప్పుడు లెక్క పూర్తిగా వినకుండానే జవాబు చెప్పేసేదానివి. మొదటి తల్లి దగ్గరికి వెళ్లేముందు నాకు ఫోన్ చెయ్యి. ప్రశ్నలన్నీ నన్నే అడుగు. ఆమె అడిగింది నిన్ను నేనడుగుతాను, ఏం చెప్తావో వింటాను.

మీ పెద్దమ్మ